పదమూడు అరచేతులు

ఆసుపత్రుల దుప్పట్లూ తెరలూ డాక్టర్ల కోట్లూ ఉతికి ఇస్త్రీ చేసి పంపే ఆ లాండ్రీలో ఆమెను పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఊలక్క. భోజనాల గంట మోగగానే డబ్బా కంటే ముందు సంచిలోంచి ఊలు ఉండ తీసేది. అందుకా పేరు. పనేమో చిరుగులు కుట్టడం. కుట్టు బల్ల ముందు కూర్చుంటే ఎదురుగా ఇస్త్రీ రోలర్లు కనిపిస్తాయి. పెద్ద పీపాల్లాంటి రెండు వేడి రోలర్ల మధ్యకి ఇటునుంచి తడి దుప్పటి పెడితే అటునుంచి పొగలు కక్కుతూ వస్తుంది.

ఆ రోలర్ల దగ్గర దుప్పట్లు అందించేది ఆమె తోడికోడలు, పెద్దక్క. ఇద్దరూ ఒకే గేటులోంచి వచ్చి, ఒకే గేటులోంచి వెళ్ళేవాళ్ళు. ఆరేళ్ళుగా ఇద్దరి మధ్యా మాటల్లేవు.

కారణం అడిగితే ఇద్దరూ మొహం తిప్పుకునేవాళ్ళు కానీ, జరిగింది చిన్నదే. ఏదో పెళ్ళిలో నలుగురి ముందూ పెద్దక్క నోరు జారింది. "దీనికి దేవుడు నోరిచ్చాడు గానీ వాడటం నేర్పలేదు" అంది. అందరూ నవ్వారు. చిన్నకోడలు మాత్రం నవ్వలేదు. నోరు వాడటం రాదన్న మనిషి మీద ఆ నోరు ఆరేళ్ళపాటు వాడకుండా పగ తీర్చుకుంది. ఇంతకన్నా పెద్దక్క మాటను నిజం చేసే పని ఇంకోటి లేదని ఆమెకు తోచనే లేదు.

చలికాలం మొదట్లో రోలర్ల దగ్గర ప్రమాదం జరిగింది. కొత్తగా చేరిన ఒకామె ఉండేది. ఒక్కచోట నిలవకుండా గిరగిరా తిరుగుతూ పనిచేస్తుందని బొంగరం అని పిలిచేవాళ్ళు. దుప్పటి అంచు మడతపడితే సరిచెయ్యబోయింది. రోలర్లు దుప్పటితోపాటు చేతినీ లాక్కున్నాయి. పెద్దక్క ఎర్ర మీట మీద పడి యంత్రం ఆపేసరికి రెండు క్షణాలు పట్టింది. ఆ రెండు క్షణాలూ చాలు.

రోలర్ల ముందు ఒక అడ్డురేకు ఉండాలి, వేళ్ళు లోపలికి పోకుండా. దానిమీద ఎర్ర రంగుతో అరచెయ్యి బొమ్మ కూడా ఉండేది, ఆగు అన్నట్టు. తుడవాల్సొచ్చినప్పుడల్లా దాన్ని ఊడదీసి మళ్ళీ బిగించడానికి అరగంట పడుతోందని మేనేజరు మూడు వారాల ముందే తీయించేశాడు. ఆ సంగతి అక్కడ పనిచేసే ప్రతివాళ్ళకీ తెలుసు.

రెండో రోజు పైనుంచి ఒక కాగితం వచ్చింది. "అడ్డురేకు యథాస్థానంలో ఉండగా, హెచ్చరికలను లెక్కచేయక, సదరు కార్మికురాలు తన అజాగ్రత్త వల్ల" అంటూ సాగింది. అప్పుడు అక్కడున్న ఐదుగురినీ సంతకం పెట్టమన్నారు. మెకానిక్కు పెట్టాడు. మడతల బల్ల దగ్గరి ఇద్దరూ పెట్టారు. ఊలక్క కలం పట్టుకుని ఒకసారి పైకి చూసింది, ఒకసారి కిందకి చూసింది, పెట్టేసింది.

పెద్దక్క కాగితం మొత్తం చదివింది. రెండోసారి పైకి చదివింది, అందరికీ వినిపించేలా. "ఈ రేకు ఎక్కడుందో చూపిస్తే పెడతాను" అంది.

వారం తిరక్కుండా ఆమెను క్రమశిక్షణ లేదన్న కారణంతో పనిలోంచి తీసేశారు. తీసేసిన మర్నాటినుంచి ఆమె రోజూ పొద్దున్న ఎనిమిదింటికి వచ్చి గేటు పక్క గోడకు ఆనుకుని నిలబడేది. మెడలో ఒక అట్ట. "రేకు ఎక్కడ?" అని రెండే మాటలు. మధ్యాహ్నం పన్నెండింటికి వెళ్ళిపోయేది. అరవదు, ఎవర్నీ ఆపదు. వచ్చేపోయేవాళ్ళు కళ్ళు దించుకుని గేటు దాటేవాళ్ళు. అందరికంటే ఎక్కువ దించుకున్నది ఊలక్క.

ఒకరోజు కుట్టిన తెరలు తగిలించడానికి ఊలక్క మూడో అంతస్తులో మేనేజరు గదికి వెళ్ళింది. ఆసుపత్రి తరఫున ఇద్దరు పెద్దమనుషులు వచ్చి టీ తాగుతున్నారు.

"మీ గేటు దగ్గర ఎవరో నిలబడుతున్నారటగా?" అన్నాడొకాయన.

"ఎవరండీ? ఎవరూ లేరే. చూడండి కావాలంటే" అన్నాడు మేనేజరు, కిటికీ చూపిస్తూ.

వాళ్ళు చూశారు. స్టూలు మీద నిలబడి తెర పట్టుకున్న ఊలక్కా చూసింది. గేటు పక్కన బూడిదరంగు ఇటుకల గోడ. దానికి ఆనుకుని బూడిదరంగు పాతకోటులో పెద్దక్క. ఉందని తెలిసి వెతికితే తప్ప కనిపించదు. మెడలో అట్ట గోడకంటించిన చిత్తు కాగితంలా ఉంది.

"నిజమే, ఎవరూ లేరు" అన్నాడాయన, ఇంకో బిస్కెట్టు తీసుకుంటూ.

ఊలక్క ఒళ్ళు మండిపోయింది. తను కూడా నోరు మెదపలేదన్న సంగతి మెట్లు దిగుతుంటే గుర్తొచ్చి ఇంకా మండింది. కనబడట్లేదా? కనబడేలా చేస్తాను చూడు అనుకుంది.

ఇంటికెళ్ళి బీరువా కింద అర లాగింది. ఎప్పుడో భర్తకని కొని దాచిన పసుపు ఊలు ఉంది, బంతిపువ్వు పసుపు. తన సొంత శాలువా విప్పితే ఎరుపొచ్చింది, పండుమిరప ఎరుపు. అంచులకి నీలం. గడుల కాగితం ముందేసుకుని పెన్సిలు చెక్కింది. ఒక అరచెయ్యి గీసింది. పదమూడు గడుల వెడల్పు. పక్కన మూడు గడులు ఖాళీ. అంటే చేతికి పదహారు గడులు, గడికో కుట్టు.

స్వెటర్‌కి కొలతే పెద్ద చిక్కయింది. మాటల్లేని మనిషి ఛాతీకి టేపు చుట్టడమెలా? మూడు రోజులు గేటు దాటుతూ ఓరకంట చూసింది. పెద్దక్క గోడకు ఆనుకుంటే ఒక భుజంనుంచి ఇంకో భుజం దాకా రెండున్నర ఇటుకలు కప్పబడిపోతున్నాయి. ఆదివారం ఎవరూ లేనప్పుడు వెళ్ళి దారంతో ఇటుకలు కొలుచుకొచ్చింది. చుట్టూ రెండువందల ఎనిమిది కుట్లు. పదహారు చొప్పున పదమూడు అరచేతులు. లెక్క ఒక్క కుట్టు కూడా మిగలకుండా సరిపోయేసరికి, చేసి తీరాలన్న పట్టుదల పుట్టింది.

రెండు రంగుల అల్లిక చూడ్డానికి బాగుంటుంది గానీ చేతులకి పరీక్ష. ఒక రంగు ముందుకొచ్చి కుట్టవుతుంటే రెండోది వెనకాలే పోగులా సాగుతూ రావాలి. బిగించి లాగితే బట్ట ముడుచుకుపోతుంది. వదిలేస్తే వేసుకునేటప్పుడు వేళ్ళు చిక్కుకుంటాయి. ఎరుపు కుడిచేతి వేలికి, పసుపు ఎడమచేతి వేలికి చుట్టుకుని ఊలక్క మొదలుపెట్టింది.

ఇంట్లో మొదట ఉలిక్కిపడింది భర్త. ఆయన సిటీ బస్సు నడుపుతాడు. రోడ్డు మీద ఎవడికీ దారివ్వడు గానీ ఇంట్లో మాత్రం ఏ గొడవొచ్చినా పక్కకి తప్పుకుంటాడు.

"ఎవరికది?"

"మీ వదినకి."

"మీకు మాటల్లేవు కదే!"

"మాట్లాడతానని నేనన్నానా?"

"అది కాదే. మేనేజరు చూశాడంటే నీ ఉద్యోగం కూడా ఊడుతుంది. మనకెందుకు చెప్పు ఈ గొడవ?"

మంచం మీద కూర్చున్న అత్తగారు కళ్ళజోడు సర్దుకుంది. కోడళ్ళిద్దరిలో ఎవర్నీ ఆవిడ ఇంతవరకూ మెచ్చుకుని ఎరగదు. "ఆ పసుపు ఇలా పడెయ్, ఉండ చుట్టిపెడతాను" అంది కోడలితో. కొడుకు వైపు తిరిగి, "నువ్వెళ్ళి ఆ పొయ్యిమీద పాలు చూడు" అంది. ఆయన వెళ్ళి పాలు చూశాడు.

లాండ్రీలో భోజనాల వేళ ఊలక్క దాచుకోకుండా అల్లింది. ఎర్ర వేళ్ళు ఒక్కో వరసా పైకి లేస్తుంటే మడతల బల్ల వాళ్ళు వచ్చి చూసి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయేవాళ్ళు. నాలుగో రోజుకి గోడమీద నోటీసు వెలిసింది. ఊలు పోగులు యంత్రాల్లో పడి ప్రమాదం కలిగే అవకాశం ఉన్నందున ఆవరణలో అల్లిక నిషేధం. రోజంతా దూది పీచు మంచులా రాలే చోట ఆ నోటీసు చదివి, మెకానిక్కు కూడా దగ్గు నెపంతో నవ్వుకున్నాడు.

ఊలక్క సంచి తీసుకుని బయటికెళ్ళి మెట్లమీద కూర్చుంది. మేనేజరు కిటికీకి సరిగ్గా కింద. చలిగాలికి వేళ్ళు కొయ్యబారుతుంటే నోటితో ఊదుకుంటూ అల్లింది. రెండో రోజు మేనేజరే దిగొచ్చాడు.

"ఎవరికోసం ఇది?"

"మా తోడికోడలికి సార్."

"ఆవిడకీ నీకూ మాటల్లేవని అందరూ చెప్పుకుంటున్నారే?"

"మాటల్లేవు సార్. ఊలుంది."

మేనేజరు ఆ చేతుల వరసను చూశాడు. అవేం చేతులో ఆయనకి అర్థమైంది. "తమాషాలు చెయ్యకు. నువ్వూ సంతకం పెట్టిన మనిషివే. అది గుర్తుపెట్టుకో" అని మెల్లిగా అని పైకెళ్ళిపోయాడు.

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. ఆ సాయంత్రం ఒక చేతికి నాలుగే వేళ్ళొచ్చాయి. లెక్క తప్పి ఒక వేలు మింగేసింది. అప్పటికే దానిమీద మూడు వరసలు అల్లేసింది.

"పోనీలే, చంక కింద కదా, ఎవరు చూస్తారు?" అన్నాడు భర్త.

"బొంగరం చూస్తుంది" అంది ఊలక్క. సూది లాగి మూడు వరసలూ విప్పేసింది. ఆరువందల ఇరవైనాలుగు కుట్లు.

ఐదు వారాలకి స్వెటర్ పూర్తయింది. ఉతికి, తువ్వాలు మీద పరిచి ఆరబెట్టి, మర్నాడు పదకొండింటి టీ వేళ అందరూ చూస్తుండగా గేటు దాటి గోడ దగ్గరికి వెళ్ళి, మడతపెట్టిన స్వెటర్ చాచింది. నోట మాట రాలేదు. ఆరేళ్ళ తుప్పు మరి.

పెద్దక్క తీసుకుని విప్పింది. ముందు వైపు చూసింది. తిరగేసి లోపలి పోగులు చూసింది. ఒక్క పోగు బిగుసుకోలేదు, ఒక్కటి వేలాడలేదు. గడుసు మనిషే గానీ కళ్ళు చెమర్చాయి. తర్వాత మళ్ళీ జాగ్రత్తగా మడతపెట్టింది.

"చాలా బాగుంది. ఆ కాగితం మీద నీ సంతకం ఉందిగా?"

"ఉంది."

"ఇది నేనేసుకుంటే చలి ఆగుతుంది. ఆ కాగితం ఆగదుగా. ఆ సంతకం వెనక్కి తీసుకున్నాక ఇవ్వు, అప్పుడు వేసుకుంటాను." స్వెటర్‌ను తిరిగి ఆమె చేతుల్లో పెట్టేసింది.

గేటు లోపల ఇరవైమంది చూస్తున్నారు. ఊలక్క చెవుల్లోంచి పొగలొచ్చాయి. ఐదు వారాలు! వేళ్ళు పగిలిపోయాయి! ఇంటికొచ్చి అత్తగారి ముందు ఏకరువు పెట్టింది. "చూశారా అత్తయ్యా ఆవిడ పొగరు? ఊరంతా చూస్తుండగా మొహాన కొట్టింది!"

అత్తగారు అంతా విన్నది. "అది నీ సంతకం గురించి అడిగింది. నువ్వు దాని పొగరు గురించి చెప్తున్నావ్" అని, గోడవైపు తిరిగి పడుకుంది.

 ఇన్నాళ్ళూ రంగులతో, లెక్కలతో, మెట్లమీది చలితో తను దేన్ని కప్పిపుచ్చుకుంటూ వచ్చిందో ఆ స్వెటర్ ఒళ్ళో పెట్టుకుని ఊలక్క ఒప్పుకోవాల్సొచ్చింది. అల్లడానికి ధైర్యం చాలింది. చెప్పడానికి ఇంకొంచెం కావాలి.

పదిరోజుల్లో కార్మికశాఖనుంచి తనిఖీ అధికారిణి వచ్చింది. బొంగరం ఆసుపత్రి మంచం మీదనుంచే అర్జీ పెట్టుకుందట, ఎడమచేత్తో రాసి. సంతకాలు పెట్టినవాళ్ళని ఒక్కొక్కరినీ మూడో అంతస్తుకి రమ్మన్నారు.

ఊలక్క ఆ పూట స్వెటర్ తనే వేసుకుని వెళ్ళింది. రెండున్నర ఇటుకల మనిషికి అల్లింది ఒకటిన్నర ఇటుక మనిషికి మోకాళ్ళదాకా వచ్చింది. చేతులు మూడు మడతలు పెట్టింది. గదిలోకి అడుగుపెట్టగానే పసుపూ ఎరుపూ ముందు అడుగుపెట్టి, మనిషి తర్వాత వచ్చినట్టుంది. మేనేజరు మొహం గంటుపెట్టుకున్నాడు.

"ఇది మీ సంతకమేనా అమ్మా?" అంది అధికారిణి.

"సంతకం నాదేనండి. పైన రాసిన మాటలు నావి కావు. అబద్ధమని తెలిసీ పెట్టాను."

"ఏది అబద్ధం?"

"రేకు ఉందనడం. మూడు వారాలనుంచి లేదు. నా బల్ల దానికి ఎదురుగానే. రోజూ చూశాను, రోజూ ఊరుకున్నాను."

మేనేజరు నవ్వాడు. "మేడమ్, కింద రేకు ఉంది. మీరే చూశారు కదా. ఈవిడ బయట నిలబడే ఆవిడకి బంధువు. అందుకే ఈ కథలు."

"ఇప్పుడుంది" అంది ఊలక్క.  "అది కొత్తది మేడమ్. మొన్న బిగించారు. పాతదాని మీద చెయ్యి బొమ్మ ఉండేది. ఇదిగో, ఇలాంటిది." స్వెటర్ కింది అంచు పట్టుకుని లాగి చూపించింది. "ఇదే రంగు. దీనిమీద ఉందా? మీరే చూడండి."

"సాక్ష్యం అంటే స్వెటరా?" అన్నాడు మేనేజరు.

 అధికారిణి లేచి కిందికి నడిచింది. వెనకాలే అందరూ దిగారు. రోలర్ల ముందు రేకు తళతళలాడుతోంది, బోల్టులకి గీత కూడా పడలేదు. బొమ్మ లేదు.

"మరి పాత రేకెక్కడ?" అందామె.

 ఊలక్కకి తెలియదు. తెలిస్తే అప్పుడే చెప్పేది. రోలర్లు తిరుగుతున్న చప్పుడు ఒక్కటే. అప్పుడు మెకానిక్కు, అంతవరకూ గుడ్డతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నవాడు, ఆ గుడ్డ బల్లమీద పెట్టి బాయిలర్ గదిలోకి వెళ్ళాడు. లోపల ఇనుము ఈడ్చిన చప్పుడు. తిరిగొచ్చి దుమ్ము కొట్టుకుపోయిన రేకును అధికారిణి కాళ్ళ దగ్గర నిలబెట్టి, మోచేత్తో తుడిచాడు. ఎర్ర అరచెయ్యి బయటపడింది.

"నా సంతకం కూడా తీసెయ్యండి మేడమ్" అన్నాడు.

మడతల బల్ల దగ్గర ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మావి కూడా" అంది ఒకామె. రెండో ఆమె ఏడుస్తూ తలాడించింది.

కథల్లోలాగా ఆ పూటే న్యాయం జరిగిపోలేదు. అధికారిణి రాసుకుని వెళ్ళిపోయింది. గంట తిరక్కుండా ఊలక్కనీ మెకానిక్కునీ రేపట్నుంచి రానక్కర్లేదన్నారు. ఆమె సంచి సర్దుకుని గేటు దాటి, గోడ దగ్గర ఆగి, స్వెటర్ తలమీదుగా లాగేసి పెద్దక్కకి ఇచ్చింది.

"తీసుకున్నాను వెనక్కి" అంది.

పెద్దక్క కోటు విప్పి స్వెటర్ తొడుక్కుంది. భుజాలకి సరిగ్గా అతికినట్టు సరిపోయింది. కోటు తీసి చలికి వణుకుతున్న తోడికోడలి భుజాలమీద కప్పింది.

"చేతులు కొంచెం బిగువుగా ఉన్నాయే" అంది.

"నీ చేతులు కొలవడానికి పక్కన ఇటుకలు లేవు మరి" అంది ఊలక్క.

పెద్దక్కకి అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పడానికి ఆ మధ్యాహ్నమంతా పట్టింది. ఆరేళ్ళ మాటలు కూడా అందులోనే కలిశాయి.

మెకానిక్కుతో కలిపి పంతొమ్మిది రోజులు నిలబడ్డారు ముగ్గురూ. మూడో అంతస్తునుంచే కాదు, వీధి చివర బస్సు స్టాపునుంచి కూడా కనిపించేవాళ్ళు. బస్సు ఎక్కేవాళ్ళు ఆగి "ఏం రేకు?" అని అడగడం మొదలుపెట్టారు. ఊలక్క భర్త రోజూ ఆ మలుపులో అవసరం లేకపోయినా హారన్ కొట్టేవాడు. అది ఆయన చెయ్యగలిగిన తిరుగుబాటు. ఇరవయ్యో రోజున ఉత్తర్వులొచ్చాయి. ప్రమాదానికి కారణం రేకు లేకపోవడమే, కార్మికురాలి తప్పు కాదు. తీసేసిన ముగ్గురినీ తిరిగి తీసుకోవాలి. మేనేజరుని ఇంకో శాఖకి మార్చారు. అక్కడ ఇంతకన్నా పెద్ద గది ఇచ్చారని విన్నారు. పెద్దక్క తిట్టాల్సినవన్నీ తిట్టింది. తర్వాత పనిలోకి వెళ్ళింది.

బొంగరం ఎండలు ముదిరాక తిరిగొచ్చింది. కుడిచేతి మూడు వేళ్ళు వంగుతున్నాయి, రెండు వంగవు. ఆ రెండూ కురచగా, నున్నగా, కొత్త చర్మంతో ఉన్నాయి. ఇప్పుడామె పనిచేసే మడతల బల్ల పక్కకి ఊలక్క స్టూలు లాక్కుని కూర్చుంది.

"నీకు చేతితొడుగు అల్లుతాను. ఏ రంగు కావాలి?"

బొంగరం సూటిగా చూసింది. "దాచుకోడానికైతే వద్దక్కా. నాకేం సిగ్గు లేదు. సిగ్గుపడాల్సింది నేను కాదు."

"దాచడానికి కాదే. రాబోయే చలికి."

"చలికైతే ఒక చేతికెందుకు? రెండింటికీ అల్లు."

ఊలక్క నవ్వి, సంచిలోంచి టేపు తీసింది. బొంగరం కుడిచెయ్యి బల్లమీద పరిచింది. వేళ్ళు ఒక్కోటీ కొలుస్తూ, కురచవి కూడా ఉన్నవి ఉన్నట్టుగా, ఊలక్క అంకెలు పైకి చదువుతుంటే బొంగరం ఎడమచేత్తో రాసుకుంది.